దాచుకున్న చీటీలు

గుర్రాన్ని మనలో చాలామంది చూశాం. జట్కాబండికి కట్టగా చూశాం. పెళ్లి ఊరేగింపులో చూశాం. పందేల్లో పరుగెత్తే గుర్రాలు కూడా ఉంటాయి. ఇది అలాంటి ఒక గుర్రం కథ. దాన్ని ప్రేమించిన జనం కథ కూడా.

ఆ గుర్రం పేరు సెక్రటేరియట్. కొంచెం కష్టమైన పేరే. కూడబలుక్కుని చదవండి. సె-క్ర-టే-రి-య-ట్. అది అమెరికా దేశంలో 1970 మార్చి 30న పుట్టింది. ఒళ్లంతా ఎర్రటి రంగు. మూడు కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టు ఉండేది. జనం దాన్ని ముద్దుగా ‘పెద్ద ఎర్రోడు’ అని పిలిచేవారు.

ఆడబిడ్డ మీద పడిన బరువు

ఆ గుర్రం పుట్టిన తోట పెన్నీ చెనరీ పుట్టింటివారిది. పెన్నీ నలుగురు పిల్లల తల్లి. వేరే రాష్ట్రంలో కాపురం. 1967లో ఆమె తల్లి చనిపోయింది. తండ్రి మంచాన పడ్డాడు. గుర్రాల పెంపకంలో నష్టం వస్తోంది. తోడబుట్టినవాళ్లు ‘అమ్మేద్దాం’ అన్నారు. పెన్నీ ఒప్పుకోలేదు. తోట లెక్కలు తనే చూసింది. పాత మనుషుల్ని మార్చింది. నిలబెట్టింది.

1973 జనవరిలో తండ్రి కూడా చనిపోయాడు. ఆస్తి మీద ప్రభుత్వానికి పెద్ద పన్ను కట్టాలి. అప్పుడు పెన్నీ ఒక నిర్ణయం తీసుకుంది. సెక్రటేరియట్‌కు ముందు ముందు పుట్టే పిల్లల మీద హక్కును 32 వాటాలు చేసింది. ఒక్కో వాటా 1 లక్షా 90 వేల డాలర్లు. మొత్తం 60 లక్షల 80 వేల డాలర్లు. కాని ఒక షరతు ఉంది. ఆ ఏడాది చివరికల్లా గుర్రం పందేలు మానేయాలి. అంటే అభిమానులకు దాని పరుగు చూసే అవకాశం ఇంకా కొన్ని నెలలే.

మూడు పందేలు, ఐదు వారాలు

అమెరికాలో మూడు పేరున్న పందేలు ఉన్నాయి. మూడేళ్ల వయసు గుర్రాలే వాటిలో పరుగెత్తాలి. కాబట్టి ఏ గుర్రానికైనా జీవితంలో ఒక్కసారే అవకాశం. మూడూ గెలవడం చాలా కష్టం. 1948 తర్వాత 25 ఏళ్లుగా ఏ గుర్రమూ మూడూ గెలవలేదు.

1973లో అమెరికా జనం విసిగిపోయి ఉన్నారు. వియత్నాం యుద్ధంలో ఎందరో బిడ్డలు పోయారు. పాలకుల తప్పుడు పనులు రోజూ పేపర్లో వస్తున్నాయి. అలాంటప్పుడు జనం కళ్లు ఈ గుర్రం మీద పడ్డాయి.

కాని ఏప్రిల్‌లో ఒక పందెంలో గుర్రం మూడో స్థానంలో వచ్చింది. దాని నోట్లో చీముగడ్డ ఉంది. అభిమానులకు బెంగ పట్టుకుంది. వాటాలు కొన్నవాళ్లు ఏమంటారో అని పెన్నీకి భయం.

మే 5న మొదటి పందెం. దూరం 2 కిలోమీటర్లు. ఎర్రోడు అందరికన్నా వెనక బయలుదేరాడు. పోను పోను వేగం పెంచాడు. అందర్నీ దాటాడు. 2 నిమిషాలు కూడా పట్టలేదు!

మే 19న రెండో పందెం. అదీ గెలిచాడు.

ఇక దేశమంతా దాని పేరే. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఒకే వారం మూడు పెద్ద పత్రికలు దాని బొమ్మను అట్ట మీద వేశాయి.

గుర్రం వెనుక మనుషులు కూడా ఉన్నారు. శిక్షణ ఇచ్చినవాడు లూసియన్ లారిన్. స్వారీ చేసిన రౌతు రాన్ టర్కాట్. గుర్రాన్ని కడిగి, మేపి, కంటికి రెప్పలా చూసుకున్నవాడు ఎడ్డీ స్వెట్. అతను నల్లజాతి పాలికాపు రైతు కొడుకు.

జూన్ 9న మూడో పందెం. న్యూయార్క్ దగ్గర మైదానం కిక్కిరిసింది. లక్షలమంది టీవీల ముందు కూర్చున్నారు. పరుగెత్తింది ఐదు గుర్రాలే. సగం దూరం దాటాక ఎర్రోడు ఒంటరిగా ముందుకు వెళ్లిపోయాడు. గెలిచేసరికి రెండో గుర్రం 31 గుర్రాల పొడవు వెనక ఉంది. అంటే దాదాపు 75 మీటర్లు! 2.4 కిలోమీటర్ల దూరం 2 నిమిషాల 24 సెకన్లలో పరుగెత్తాడు.

దాచుకున్న చీటీ

పందెం మీద డబ్బు కట్టినవాళ్లకు ఒక చీటీ ఇస్తారు. గెలిస్తే ఆ చీటీ చూపించి డబ్బు తీసుకోవాలి. ఆ రోజు చాలామంది ఎర్రోడి మీదే కట్టారు. అందుకని 2 డాలర్లు కట్టినవాళ్లకు తిరిగి వచ్చేది 2 డాలర్ల 20 సెంట్లే. 100 సెంట్లు ఒక డాలరు. అంటే లాభం 20 సెంట్లు.

అయితే 5,617 గెలిచిన చీటీలకు ఎవరూ డబ్బు అడగలేదు. జనం వాటిని గుర్తుగా దాచుకున్నారు. ‘ఆ రోజు నేను చూశాను’ అని చెప్పుకోవడానికి.

ఆగస్టులో ఇంకో పందెం. ముప్పై వేలమంది వచ్చారు. ఎర్రోడికి ఒంట్లో బాగాలేదు. ఓడిపోయాడు. వాడి మీద 2 డాలర్లు కట్టినవాళ్లకు ఆ 2 డాలర్లూ పోయాయి. ఇప్పుడు లెక్క చూడండి. పోయిన 2 డాలర్లు తిరిగి రావాలంటే, 20 సెంట్ల గెలుపు ఎన్నిసార్లు రావాలి? పదిసార్లు! దేశంలోకెల్లా గొప్ప గుర్రం మీద కట్టినా లెక్క ఇంతే.

మన హైదరాబాదులో మలక్‌పేటలో కూడా గుర్రప్పందేల మైదానం ఉంది. పల్లెల్లో కోడిపందేలు ఉన్నాయి. కూలి డబ్బు పందెంలో పెట్టి, ఉత్త చేతులతో ఇంటికొచ్చే మగవాళ్లు మనకు తెలుసు. ఆ రాత్రి పొయ్యి వెలగని ఇళ్లూ తెలుసు. గెలిచిన రోజు ఊరంతా చెబుతారు. ఓడిన రోజు నోరు విప్పరు. అందుకే లెక్క మనం రాయాలి.

వీడ్కోలు

సెక్రటేరియట్ చివరి పందెం అక్టోబరు 28న కెనడాలో జరిగింది. అదీ గెలిచాడు. నవంబరు 6న న్యూయార్క్‌లో ఎర్రోడికి వీడ్కోలు చెప్పారు. ఆ రోజు ఎర్రోడు పరుగెత్తలేదు. వాడి మీద పందెం లేదు. ఒక్క సెంటు కూడా రాదు. అయినా ముప్పై వేలమందికి పైగా వచ్చారు. ఊరికే చూసి వెళ్లడానికి!

1989 అక్టోబరు 4న ఆ గుర్రం చనిపోయింది. గిట్టల జబ్బు వచ్చింది. దాని సమాధి కెంటకీ రాష్ట్రంలో ఉంది. జనం ఇప్పటికీ వెళ్లి చూసి వస్తారు.

ఇష్టపడటానికి డబ్బు కట్టనక్కరలేదు. ఆ ముప్పై వేలమంది చూపించింది అదే.

కొత్త మాటలు
వాటా – భాగం
రౌతు – గుర్రపు స్వారీ చేసే మనిషి
షరతు – ముందే పెట్టుకునే కట్టుబాటు

చెప్పండి
1. పెన్నీ తోటను ఎందుకు అమ్మలేదు? మీరైతే ఏం చేసేవారు?
2. గెలిచిన చీటీలను జనం ఎందుకు దాచుకున్నారు?

లెక్క చేయండి
ఒక మనిషి వారానికి 50 రూపాయలు పందెంలో పోగొట్టుకుంటాడు. ఏడాదికి 52 వారాలు. మొత్తం ఎంత పోతుంది? ఆ డబ్బుతో మీ ఇంట్లో ఏమేం కొనవచ్చు? పలక మీద రాయండి.

మాట్లాడుకోండి
మీ ఊళ్లో ఏ పందేలు జరుగుతాయి? వాటివల్ల ఏ ఇల్లు నష్టపోయింది? దీన్ని ఆపడానికి మనమందరం కలిసి ఏం చేయగలం?