సింక్ ఆగిన కంప్యూటర్‌కు ఫార్మాట్ కొట్టించకండి

ప్రశ్న: మాది నిజాంపట్నం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తున్నాం. పట్టుబడి లెక్కలు, కాటా చీటీల ఫొటోలు, ఏజెంటుతో పద్దులు అన్నీ మా అబ్బాయి కంప్యూటర్లో ఒక క్లౌడ్ ఫోల్డర్లో దాస్తాడు. నెల రోజులుగా అందులో పెట్టినవేవీ ఫోన్లో కనిపించడం లేదు. ఇదే అదనుగా ఏజెంటు మాకు బాకీయే లేదంటున్నాడు. రిపేరు షాపులో అడిగితే ఫార్మాట్ చేస్తే బాగవుతుందన్నారు. చేయించమంటారా? క్లౌడ్ కంపెనీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: ఫార్మాట్ మాత్రం వద్దు. ముందు ఆ మాట షాపతనికి ఫోన్ చేసి చెప్పి, తర్వాత మిగతాది చదవండి.

సింక్ ఆగినంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. చాలాసార్లు అవి కంప్యూటర్లోనే ఉంటాయి, క్లౌడ్‌లోకి ఎక్కి ఉండవు. అలాగైతే ఆ నెల రోజుల చీటీలు ఇప్పుడు ఒక్కచోటే ఉన్నట్టు. షాపతను తుడిచేస్తానంటున్న హార్డ్‌డిస్కులో!

చట్టం కూడా ఆ డిస్కుకు విలువిస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. ఒకే ఎలక్ట్రానిక్ రికార్డు పలు చోట్ల నిల్వ ఉంటే, తాత్కాలిక ఫైళ్లతో సహా ప్రతి నిల్వా ప్రాథమిక సాక్ష్యమేనని దాని 57వ సెక్షన్ వివరణ చెబుతోంది. కంప్యూటర్లో ఉన్నదీ, క్లౌడ్‌లోకి ఎక్కినదీ రెండూ అసలే అన్నమాట. కాపీనో, ప్రింటో కోర్టుకు ఇచ్చేటప్పుడు 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ ధ్రువపత్రం నమూనాలో పరికరాల వరుసలో మొబైల్, సర్వర్‌లతో పాటు క్లౌడ్ కూడా ఉంది. ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ రాయాలి. మొదటి భాగం మీది, రెండో భాగం నిపుణుడిది. పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు ఈ పత్రం తప్పనిసరి అంటూనే, యజమాని బోనెక్కి అసలు పరికరాన్నే చూపిస్తే అది అక్కర్లేదని చెప్పింది. ఫార్మాట్ చేశాక ఆ దారి మూసుకుపోతుంది.

ఇక సింక్ సంగతి. ముందు ఆ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకో, వేరే డిస్కులోకో కాపీ చేయండి. క్లౌడ్ యాప్‌ను తీసేయడం, ఖాతాను డిస్‌కనెక్ట్ చేయడం దాని తర్వాత సంగతి. ఇది ఉత్త జాగ్రత్త కాదు. 2023 నవంబరులో గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్‌లో కొందరి ఫైళ్లు మాయమైనప్పుడు ఖాతాను డిస్‌కనెక్ట్ చేయవద్దని, యాప్ దాచుకున్న ఫోల్డర్‌ను తుడవవద్దని గూగులే చెప్పింది. డిసెంబరులో ఫైళ్లను వెనక్కి తెచ్చే ఉపాయం ఇచ్చింది.  

కాపీ అయ్యాక ఖాతాలో చోటు చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిళ్లు, ఫొటోలు కూడా ఉంటాయి. చెరువు గట్టు మీద తీసిన వీడియోలతో అది నిండితే కొత్త ఫైలు ఎక్కదు. కంప్యూటర్లో తేదీ సరిగా ఉందో లేదో చూడండి. లోపలి బ్యాటరీ అయిపోయి తేదీ ఎప్పటిదో చూపిస్తుంటే సర్వర్‌తో సురక్షిత కనెక్షన్ కుదరదు. పాస్‌వర్డ్ మార్చాక కంప్యూటర్లో మళ్లీ లాగిన్ అయ్యారా? అబ్బాయి ఒక మెయిలుతో, మీ ఫోన్ ఇంకో మెయిలుతో ఉన్నాయా? సగం ఇళ్లలో అసలు జబ్బు ఇదే. తర్వాత బ్రౌజర్లో నేరుగా ఖాతా తెరిచి ట్రాష్ వెతకండి. గూగుల్ డ్రైవ్‌లో అక్కడ పడ్డవి 30 రోజులే ఉంటాయి. మీరు నెల అంటున్నారు, కాబట్టి ఈ రోజే చూడండి. ఇంకోటి, సింక్ అంటే బ్యాకప్ కాదు. ఒకచోట చెరిపితే రెండోచోటా చెరిగిపోతుంది.

కంపెనీ మీద కేసు మాటకొస్తే, మొదటి ప్రశ్న మీరు డబ్బు కట్టారా అని. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉచిత సేవను 'సేవ'గా లెక్కించదు. నెలనెలా కడుతుంటే, ఆ సేవ స్వయం ఉపాధితో మీ జీవనోపాధి కోసమేనని చూపగలిగితే మీరు వినియోగదారే. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. రూ.5 లక్షల దాకా ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి. ఒప్పందంలో 'ఉన్నది ఉన్నట్టే, మా బాధ్యత లేదు' అనే షరతులుంటాయి. అవి అన్యాయమని వాదించే వీలూ చట్టంలో ఉంది, కానీ దానికి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. పోయిన చీటీల కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను.

ఉచిత ఖాతా అయినా నోరు మూసుకోనక్కర్లేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి కంపెనీకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పి, 7 రోజుల్లో పరిష్కరించాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్లో అప్పీలు చేయవచ్చు. లోపం చూపిన తెరను ఫొటో తీసి, తేదీతో జతచేయండి.

షాపతను మీ అనుమతి లేకుండా డేటా తుడిచేస్తే అది వేరే కథ. ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు. అందుకే కంప్యూటర్ ఇచ్చేటప్పుడు రసీదు మీద 'డేటా తుడవరాదు' అని రాయించుకోండి.

చివరికి ఏజెంటు బాకీ. క్రమంగా రాసుకున్న లెక్కలు, కంప్యూటర్లోవైనా సరే, కోర్టులో చెల్లుతాయి. కాకపోతే అవి మాత్రమే ఉంటే ఎదుటివాడి మీద బాకీ రుజువు కాదని సాక్ష్య అధినియం 28వ సెక్షన్ చెబుతోంది. కాటా చీటీ, కౌంటు రాసిన కాగితం, సరుకు తీసుకెళ్లిన వ్యాను డ్రైవరు మాట, బ్యాంకులో పడ్డ అడ్వాన్సు, ఫోన్లో మెసేజీలు తోడు కావాలి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన రేటు ఆ ఫోన్లోనే ఉంచండి, ఫోన్ మార్చకండి.

దావా వేయాల్సి వస్తే, ప్రకృతి విపత్తు బాధితులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితి లోపున్నవారికి ఉచిత న్యాయవాదిని ఇస్తారు. రేపల్లె కోర్టులో మండల న్యాయ సేవాధికార కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. డబ్బు ఎప్పటికి ఇవ్వాలో చెప్పుకోకుండా సరుకు అప్పగించి ఉంటే దావా గడువు అప్పగించిన రోజు నుంచి 3 ఏళ్లు. గడువు చెప్పుకొని ఉంటే, అది తీరిన రోజు నుంచి 3 ఏళ్లు. మీ చీటీల్లో అన్నిటికన్నా పాతదాని తేదీ చూసి, ఏజెంటుకు లాయరు నోటీసు పంపే పని ఈ వారంలోనే మొదలుపెట్టండి.