పడుకుంటే కాళ్ళు నిలవనివ్వడం లేదు

సమస్య



మాది కైకలూరు దగ్గర లంక ఊరు. నాకు 53 ఏళ్ళు. మావారు చేపల చెరువు లీజుకు చేస్తారు. 2020లో మా అబ్బాయి చదువు కోసం ఏలూరు వన్‌టౌన్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నాం. ఆ డిసెంబరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు కదండీ, మావాడూ పడిపోయాడు. అన్నం కంచం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి ఒరిగి కళ్ళు తేలేశాడు. రెండు రోజుల్లో లేచి తిరిగాడు గానీ, నాకు మాత్రం ఆ రోజు నుంచి నిద్ర పోయింది. వాడి ఊపిరి వింటూ తెల్లవార్లూ కూర్చునేదాన్ని. డాక్టరు గారు ఆల్ప్రజోలామ్ పాయింట్ టూ ఫైవ్ 15 రోజులకు రాశారు. తర్వాత చీటీ ఎవరూ అడగలేదు, నేనూ ఆపలేదు. టూ ఫైవ్ కాస్తా పాయింట్ ఫైవ్ అయింది. ఐదేళ్ళు దాటిపోయింది.

మా అమ్మాయిని తాడేపల్లిగూడెం ఇచ్చాం. ఇప్పుడు ఏడో నెల. పురిటికి మా ఇంటికే తీసుకొస్తాం. రాత్రి బిడ్డ ఏడిస్తే ఈ బిళ్ళ మత్తులో నాకు మెలకువ వస్తుందా, నిద్రకళ్ళతో ఎత్తుకుని పడేస్తానా అని భయమేసి ఒక్కసారిగా మానేశాను. మూడో రాత్రికి చేతులు వణికాయి, గుండె దడదడా కొట్టుకుంది, మళ్ళీ వేసుకున్నాను. ఇప్పుడు మూడు వారాలుగా రోజు విడిచి రోజు అర బిళ్ళ వేసుకుంటున్నాను. అలవాటు కాదని చెప్పి మందుల షాపులో జలుబుకీ దురదకీ వాడే బిళ్ళ ఇస్తే, ఖాళీ రోజుల్లో అది వేసుకుంటున్నాను.

బాధంతా కాళ్ళతోనే. పగలు పనిలో ఉంటే ఏమీ ఉండదు. రాత్రి నడుం వాల్చగానే పిక్కల లోపల, ఎముకను పట్టుకుని ఎవరో లాగుతున్నట్టు, పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది. లేచి నడిస్తే పోతుంది. పడుకుంటే మళ్ళీ మొదలు. నిద్ర పట్టదని తెలిసీ రాత్రి రెండింటికి టీ పెట్టుకుని చెరువు గట్టు మీద తిరుగుతున్నాను. మొన్న సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి వస్తుంటే గణపవరం దాటేసరికి బస్సులో కూర్చోలేక, సీటు వదిలేసి నిలబడి వచ్చాను. రెండు కాన్పులప్పుడూ కొంచెం ఇలాగే ఉండేది. మా అమ్మ కూడా దీపాలు పెట్టే వేళకు బోర్లా పడుకుని, నన్ను కాళ్ళ మీదెక్కి తొక్కమనేది.

నాలుగేళ్ళు నెలసరి విపరీతంగా పోయి, నిరుడు గర్భసంచి తీసేశారు. షుగరు లేదు. మావారు ‘ఈ గోలంతా ఎందుకు, బిళ్ళ వేసుకుని పడుకో’ అంటారు. మా మరిది ‘తాగుబోతుకీ నీకూ తేడా ఏముంది వదినా’ అన్నాడు. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. నేను ఈ బిళ్ళ మానగలనా?

— ఒక సోదరి, కొల్లేటి లంక

సలహా

అమ్మా, మీరు మాటవరసకు రాసిన వాక్యం దగ్గరే మొదలుపెడతాను. దీపాలు పెట్టే వేళకు మీ అమ్మగారు కాళ్ళు తొక్కమనేవారని రాశారు. ఆవిడ ఏ నిద్ర బిళ్ళా వేసుకుని ఉండరు. మీ కాన్పుల నాటికి ఆల్ప్రజోలామ్ మీ ఇంటికి రానేలేదు. కాబట్టి కాళ్ళ బాధ బిళ్ళ కంటే ముందుది. ఐదేళ్ళుగా బిళ్ళ దాన్ని కప్పిపెట్టింది, మీరు బిళ్ళ తీయగానే బయటపడింది. మానడం వల్ల కలిగే చికాకు దానికి తోడై రెండింతలు చేసింది. ఇవి రెండు జబ్బులు. రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల, కాళ్ళు లాగిన ప్రతి రాత్రీ ‘నాకు బిళ్ళ లేకపోతే కుదరదు’ అనుకుంటున్నారు.

దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. ఇంగ్లండులో థామస్ విల్లిస్ 1672లోనే దీని గురించి రాశాడు. స్వీడన్ డాక్టరు ఎక్‌బామ్ 1945లో ఈ పేరు పెట్టాడు. కాళ్ళు కదపకుండా ఉండలేకపోవడం, కదలకుండా ఉన్నప్పుడే రావడం, నడిస్తే తగ్గడం, పొద్దు వాలాక ఎక్కువవడం దీని గుర్తులు. మీరు బస్సులో సీటు వదిలేసి నిలబడ్డారని చదివినప్పుడే నాకు దాదాపు ఖాయమైంది. మందు మానేటప్పుడు వచ్చే ఆందోళన వేరేలా ఉంటుంది. అది పగలూ రాత్రీ ఒళ్ళంతా ఉంటుంది, నడిచినంత మాత్రాన పోదు. మీకు మొదటిసారి మూడో రాత్రి వచ్చిన వణుకూ గుండెదడా ఆ జాతివి.

ఇప్పుడు మీ మరిది మాట. తాగుబోతు ఇంకాస్త కావాలని తాగుతాడు. మీరు కొడుకు ఊపిరి వింటూ కూర్చున్న రాత్రుల్లో, డాక్టరు రాసిన మందు వేసుకున్నారు. 15 రోజులకు రాసినదాన్ని మళ్ళీ చూసి ఆపించవలసినవాళ్ళు ఆపించలేదు. ఆల్ప్రజోలామ్ హెచ్1 షెడ్యూలు మందు. దీన్ని చీటీ లేకుండా అమ్మకూడదు, 2014 నుంచి అమ్మిన ప్రతిసారీ విడిగా రిజిస్టరులో రాయాలి కూడా. ఐదేళ్ళు మీ చేతికి అందుతూ వచ్చిందంటే ఆ తప్పు మీ ఒక్కరిదే కాదు. మీ ఒళ్ళు మందుకు అలవాటు పడింది, అంతే. మీ గుణానికీ దానికీ సంబంధం లేదు.

ఈ అలవాటు ఎలాంటిదో మీవారికి చెరువు భాషలో చెప్పండి. చేపను లెక్కకు మించి వేసి, ఏరియేటర్లు తిప్పి నెట్టుకొస్తున్న చెరువులో తెల్లవారుజామున కరెంటు పోతే ఏమవుతుంది? చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. మెదడులో ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనానికి ఈ బిళ్ళ ఏళ్ళ తరబడి సాయం పట్టింది. సాయం ఉంది కదా అని మెదడు తన సొంత పట్టు సడలించింది. ఒక్కసారిగా సాయం లాగేస్తే దాని పరిస్థితీ ఆ చెరువు లాంటిదే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు ఇదే కళ్ళారా చూశారు. ఆ కల్లులో కలిపేవాటిలో ఆల్ప్రజోలామ్ ఒకటి. కల్లు హఠాత్తుగా ఆగేసరికి వణుకుతో, మతిభ్రమతో, మూర్ఛలతో జనం ఆసుపత్రులకు చేరారు. మీ మోతాదు చిన్నదే. అయినా మీ ఇంట్లో ఒక మూర్ఛ చూసిన భయం చాలు. ఒక్కసారిగా మానడం అన్న మాట ఇక తలపెట్టకండి.

రోజు విడిచి రోజు వేసుకోవడం తగ్గించడం అనిపిస్తుంది గానీ, కాదు. ఈ మందు మింగిన 11 గంటలకే ఒంట్లో సగానికి పడిపోతుంది. మీరు ఒక రాత్రి ఇచ్చి, మరుసటి రాత్రి లాగేస్తున్నారు. పైగా లెక్క చూడండి: రోజుకు ఒక బిళ్ళ నుంచి రెండు రోజులకు అర బిళ్ళకు వచ్చారు. అంటే ఒక్క దెబ్బకు నాలుగో వంతుకు దించేశారు. డాక్టరును చూసేలోగా ఆ అర బిళ్ళనే ప్రతి రాత్రీ ఒకే వేళకు వేసుకోండి. ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ణి చూడాలి. ఏలూరు ప్రభుత్వాసుపత్రికి 2023లో వైద్య కళాశాల తోడైంది, మానసిక వైద్య విభాగంలో చూపించుకోండి. వెళ్ళేలోపు సందేహం వస్తే టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వణుకు పెరిగి మాట తడబడినా, లేనివి కనబడినా, మూర్ఛ వచ్చినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయించండి.

డాక్టరు ఏం చేస్తారో ముందే తెలిస్తే మీకు బెదురుండదు. ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఉన్న మోతాదులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గిస్తారు. పాయింట్ ఫైవ్ బిళ్ళను అంత సన్నంగా విరవలేం. అందుకని కొందరికి నెమ్మదిగా దిగే డయజిపామ్‌కు మారుస్తారు. ఇంగ్లండులో న్యూకాజిల్‌లో ఈ బిళ్ళలు మాన్పించడం కోసమే 1982 నుంచి 12 ఏళ్ళు క్లినిక్ నడిపిన హెదర్ ఆష్టన్ లెక్కలో, అర మిల్లీగ్రాము ఆల్ప్రజోలామ్ 10 మిల్లీగ్రాముల డయజిపామ్‌కు సాటి. అలా మారిస్తే 2 మిల్లీగ్రాముల బిళ్ళను ముక్కలు చేసి సన్నసన్నగా దించవచ్చు. ఆ మార్పు మాత్రం డాక్టరు చేతి మీదుగానే జరగాలి, ఇంట్లో సొంతంగా కాదు. ఒక మెట్టు దగ్గర కష్టమైతే అక్కడే ఇంకో నెల ఆగవచ్చు. నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

ఇక కాళ్ళ సంగతి. జలుబు బిళ్ళ ఈ రాత్రి నుంచే ఆపండి. ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ జాతి మందులు మత్తునిస్తాయి గానీ, ఈ కాళ్ళ జబ్బును రెచ్చగొడతాయి. మీకు ఖాళీ రోజుల్లో కాళ్ళు మరీ ఎక్కువగా లాగి ఉంటాయి, గుర్తు చేసుకోండి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, దిగులుకూ నిద్రకూ రాసే అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్ కూడా ఇంతే. కొత్త మందు ఏది రాసినా ‘నాకు కాళ్ళు లాగే జబ్బుంది’ అని ముందే చెప్పండి.

నాకు అన్నిటికంటే అనుమానం మీ ఇనుము మీద. నాలుగేళ్ళు నెలసరి అలా పోయిన మనిషి ఒంట్లో ఇనుము నిల్వ మిగలదు. గర్భసంచి తీసేస్తే పోవడం ఆగుతుంది గానీ, ఖాళీ అయిన గాదె దానంతటది నిండదు. హిమోగ్లోబిన్ బాగుందని రిపోర్టు వచ్చినా ఊరుకోవద్దు. ఫెరిటిన్ అనే పరీక్ష విడిగా చేయించండి, పొద్దున్నే పరగడుపున. మామూలు ల్యాబు కాగితం మీద 20 ఉన్నా సరిపోతుందని రాసి ఉండొచ్చు. ఈ జబ్బులో మాత్రం 75 వరకూ తక్కువగానే లెక్కేసి ఇనుము ఇస్తాం. కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ కూడా అప్పుడే చేయించండి. ఇనుము బిళ్ళ ఇస్తే నిమ్మరసంతో వేసుకోండి. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. రాత్రి రెండింటి టీ ఇటు నిద్రనూ చెడగొడుతుంది, అటు కాళ్ళనూ రేపుతుంది. అది మానడం మొదట రెండు రోజులు కష్టం, ఆపైన తేలిక. ‘నాలుగు చుక్కలు వేసుకుంటే నిద్ర పడుతుంది’ అని ఎవరన్నా చెప్తే వినకండి. ఈ బిళ్ళతో కలిస్తే మద్యం ఊపిరికే ప్రమాదం.

ఇనుముతో తీరకపోతే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి ఇస్తారు. వాటికీ మత్తుంటుంది కాబట్టి చిన్న మోతాదుతో మొదలవుతుంది. క్లోనజిపామ్ ఇస్తామంటే మాత్రం ఆగి అడగండి, అది ఆల్ప్రజోలామ్ సొంత చెల్లెలు.

రాత్రుళ్ళు చెరువు గట్టు మీద నడక వద్దమ్మా. మందు దిగుతున్న ఒళ్ళు, తడి గట్టు, పాములు. నడవాలనిపిస్తే దీపం వేసి వసారాలో నడవండి. పడుకోబోయే ముందు వేణ్ణీళ్ళు పోసుకుని పిక్కలు బాగా సాగదీయండి. అమ్మగారిలాగే కాళ్ళు నొక్కించుకోండి, అందులో సిగ్గేమీ లేదు. మరొక్కటి: మనసు లగ్నమయ్యే చేతిపని ఉంటే ఈ లాగుడు వెనక్కి తగ్గుతుంది. మీ వైపు లేసు అల్లే ఆడవాళ్ళున్నారు కదా. నా దగ్గరకొచ్చే ఒకావిడ ఒళ్ళో దారపు ఉండ పెట్టుకుని, పెదాలు కదుపుతూ కుట్లు లెక్కపెట్టుకుంటూ అల్లేది. ఆ లెక్క తప్పకుండా చూసుకునేసరికి కాళ్ళ సంగతి మరిచిపోయేదాన్నని చెప్పింది.

మీ అబ్బాయి గురించి. ఆ డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా అస్వస్థులైతే, ఎక్కువమంది మీవాడిలాగే కొద్ది రోజుల్లోనే కోలుకున్నారు. వాడిప్పుడు బాగున్నాడు. మీలో ఆ భయం మాత్రం ఇంకా అలాగే ఉండిపోయి ఉండొచ్చు. దాన్ని డాక్టరు ముందు నోరు తెరిచి చెప్పండి. దానికి మాటలతోనే వైద్యముంది.

పురుడు వచ్చేసరికి మీ బిళ్ళ పూర్తిగా పోదు. పోవాలని తొందరపడొద్దు. రాత్రిపూట బిడ్డను ఎత్తే పని మొదటి నెలల్లో మీవారికో, మీ అబ్బాయికో ఒప్పజెప్పండి. బిడ్డ పక్కన మీరు పడుకోకండి. పగలంతా బిడ్డ మీదే. నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ వెయ్యకుండా ఆపడం, ఉయ్యాల ఊపడం మీరు చూసుకోండి. అమ్మాయికి ఏడో నెల అన్నారు. రాత్రుళ్ళు తనకీ కాళ్ళు లాగుతున్నాయేమో ఈ రోజే ఫోన్ చేసి అడగండి. లాగుతున్నాయంటే, ఈసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఫెరిటిన్ తనకీ చూడమని డాక్టరమ్మకు చెప్పమనండి.