కలంకారీ తెర మీద పిల్లికూన

ప్రశ్న: అమ్మ ఇచ్చిన శ్రీకాళహస్తి కలంకారీ తెరను హాల్లో వేలాడదీశాం. మా పిల్లికూన దాన్ని పట్టుకుని ఊగుతోంది. అంచు దారాలు లేచాయి. రెండు దెబ్బలు వేస్తే మానుతుందా?

జవాబు: కొట్టకండి. మీరంటే భయం పట్టుకుంటుంది తప్ప అలవాటు పోదు. గోళ్ల పాత పొర ఊడగొట్టుకోవడానికి, తన వాసన అంటించడానికి పిల్లి గీరుతుంది. పైగా ఫ్యాను గాలికి కదిలే అంచు, కూన కంటికి ఎలుక తోకే! ముందు ఆ అంచును అందనంత ఎత్తుకు కట్టండి. అదే చోట, పిల్లి ఒళ్లు విరుచుకునేంత ఎత్తున్న కర్రకి కొబ్బరితాడు బిగించి చుట్టి, ఊగకుండా నిలబెట్టండి. దాన్ని గీరినప్పుడల్లా ఉడికించిన చేప ముక్క, ముల్లు తీసి పెట్టండి.

లేచిన దారాలు లాగొద్దు, సూదితో వెనక్కి దూర్చండి. మరకలు పడ్డా డిటర్జెంటు వద్దు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద వేసే సహజ రంగులవి. ఫ్రేము కట్టిస్తే అద్దం గుడ్డకి ఆనకుండా సందు ఉంచమనండి.