పత్తి చేను నుంచి విశ్వవిద్యాలయం దాకా
హాజీ ఒమర్ సబాంజీ కుటుంబ చరిత్ర దాతలకు నేర్పే పాఠం



మనలో చాలామంది కుటుంబాలు రెండు మూడు తరాల వెనక్కి వెళితే ఏదో ఒక పొలం గట్టు దగ్గరే ఆగుతాయి. తాత దుక్కి దున్నాడు, తండ్రి చిన్న దుకాణం పెట్టాడు, కొడుకు వ్యాపారం పెంచాడు. సంపాదన ఎలా పెరుగుతుందో ఇలాంటి కుటుంబాలకు తెలుసు. సంపాదించినవాడు కన్నుమూశాక దానిలో ప్రజలకు చేరవలసిన భాగం చేరుతుందా, ఆగిపోతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబుగా తుర్కియే దేశానికి చెందిన ఒక కుటుంబ చరిత్రను ఈ వ్యాసంలో చదువుకుందాం.

కైసేరి నుంచి అదనాకు

హాజీ ఒమర్ సబాంజీ 1906లో మధ్య అనటోలియాలోని కైసేరి దగ్గర అక్చకాయ అనే పల్లెలో పుట్టారు. అది రాతి నేల, చలి ఎక్కువ, వాన తక్కువ. బడిలో చదువుకునే అవకాశం ఆయనకు పెద్దగా దొరకలేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఉస్మానియా సామ్రాజ్యం కూలిపోయిన రోజులవి. ఇంట్లో గడవని పరిస్థితిలో, ఇంకా మీసాలు రాని వయసులో, ఆయన కాలినడకన దక్షిణాన ఉన్న అదనాకు బయలుదేరారు. మధ్యలో టారస్ పర్వతాలు. దారి 300 కిలోమీటర్ల పైమాటే.

అదనా చుట్టూ ఉన్న చుకురోవా మైదానం సెయ్హాన్, జెయ్హాన్ నదులు తెచ్చిన ఒండ్రుమట్టి నేల. అక్కడ పత్తి బాగా పండుతుంది. పత్తి తీత కాలానికి కొండ ప్రాంతాల నుంచి కూలీలు గుంపులు గుంపులుగా దిగివచ్చేవారు. ఒమర్ కూడా వారిలో ఒకరై పత్తి తీశారు, మూటలు మోశారు. ఆ కుటుంబం ఇంటిపేరులోనే సేద్యం ఉంది. తుర్కీ భాషలో ‘సబాన్’ అంటే నాగలి. 1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చిన తర్వాత వారికి స్థిరపడిన ‘సబాంజీ’ అనే పేరుకు నాగలి పనివాడు అని అర్థం చెప్పుకోవచ్చు.

కూలీ నుంచి వ్యాపారిగా

కూలి డబ్బులు చేతికి రాగానే ఖర్చు పెట్టేయకుండా ఆయన కొంత వెనకేశారు. దాంతో పత్తి కొని అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత జిన్నింగు మిల్లులో వాటా తీసుకున్నారు. ఇక్కడ ఆయన వ్యాపార దృష్టి కనిపిస్తుంది. చేలో తీసిన పత్తి బరువులో దూది సుమారు మూడో వంతే, మిగిలినదంతా గింజ. దూది వడికితే నూలు, నేస్తే బట్ట. గింజ ఆడిస్తే నూనె, పిండగా మిగిలిన చెక్క పశువుల మేత. పత్తిని పత్తిగా అమ్ముకున్నవాడికి ఒక్క లాభమే. మిగతా లాభాలన్నీ మిల్లులవాళ్లవి. గుంటూరులోనో ఆదిలాబాద్‌లోనో పత్తి వేసిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఒమర్ ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఆ గొలుసునంతా పట్టుకున్నారు. 1940లలో నూనె మిల్లులో భాగస్వామి అయ్యారు. 1950ల మొదట్లో అదనాలో బొస్సా బట్టల మిల్లు నెలకొంది.

పత్తి వ్యాపారానికి పంట చేతికొచ్చే నాలుగు నెలల్లో పెద్దమొత్తంలో డబ్బు కావాలి. ఆ అవసరం తీర్చుకోవడానికి ప్రాంతీయ వ్యాపారులు కలిసి 1948 జనవరిలో అదనాలో అక్‌బ్యాంక్ స్థాపించారు. అందులో ఒమర్ ముఖ్య భాగస్వామి. ఈనాడది తుర్కియేలోని పెద్ద బ్యాంకుల్లో ఒకటి. పత్తి మూట మోసిన మనిషి పాతికేళ్లు దాటేసరికి పత్తి రైతుకూ వ్యాపారికీ అప్పిచ్చే బ్యాంకులో భాగస్వామి అయ్యారు.

ఆయన 1966 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అప్పటికి వయసు అరవై. ఇహ్సాన్, సాకిప్, హాజీ, షెవ్‌కెత్, ఎరోల్, ఒజ్దెమిర్ అనే ఆరుగురు కొడుకులు. మరుసటి ఏడాది, 1967లో, వారు వ్యాపారాలన్నిటినీ సబాంజీ హోల్డింగ్ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు. పంచుకుని విడిపోతే ఆరు చిన్న కంపెనీలు మిగిలేవి. కలిసి ఉండబట్టి దేశంలోని అతిపెద్ద వ్యాపార సంస్థల్లో ఒకటిగా నిలిచారు.

ఒక తల్లి నిర్ణయం

ఇంతవరకు చెప్పింది విజయగాథ. అలాంటివి లోకంలో చాలా ఉన్నాయి. మనం నేర్చుకోవలసిన పాఠం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

హాజీ ఒమర్ బతికుండగా దానధర్మాలు చేసేవారు. అయితే ఆయన పోయేనాటికి ఆ కుటుంబానికి ఫౌండేషన్ అంటూ లేదు. 1974లో కొడుకులు సబాంజీ ఫౌండేషన్‌ను స్థాపించినప్పుడు, ఒమర్ గారి భార్య సాదికా సబాంజీ తన ఆస్తి మొత్తాన్నీ దానికి రాసి ఇచ్చారు. పల్లెలో పుట్టిన ఆ తల్లి అలా చేయడంతో కొడుకుల సంకల్పానికి పునాది ఏర్పడింది.

ఈ సంఘటన వెనుక ఒక చట్టం కథ కూడా ఉంది. ఉస్మానియా కాలంలో వైద్యశాలలు, మదరసాలు, నీటి చలమలు, సత్రాలు చాలావరకు వక్ఫ్ ఆదాయం మీదే నడిచేవి. గణతంత్రం వచ్చాక 1926 పౌరస్మృతితో ఆ పాత పద్ధతి వెనకబడింది. 1967లో వచ్చిన కొత్త చట్టం ‘వకీఫ్’ అనే పేరును, పద్ధతిని ఆధునిక రూపంలో మళ్లీ నిలబెట్టింది. రెండేళ్లకు వహ్బీ కోచ్ ఫౌండేషన్, 1974లో సబాంజీ ఫౌండేషన్ ఏర్పడ్డాయి. పాత సంప్రదాయమే కొత్త లెక్కల పుస్తకంతో తిరిగి వచ్చిందన్నమాట.

ఆ దానం ఏమైంది?

గత యాభై ఏళ్లలో ఆ ఫౌండేషన్ తుర్కియే నలుమూలలా 120కి పైగా కట్టడాలు కట్టించింది. వాటిలో బడులు, విద్యార్థి వసతిగృహాలు, ఉపాధ్యాయ భవనాలు, ఆరోగ్య కేంద్రాలు, గ్రంథాలయాలు, సాంస్కృతిక కేంద్రాలు ఉన్నాయి. పేద విద్యార్థులకు ఏటా ఉపకారవేతనాలు ఇస్తోంది. 1999లో ఇస్తాంబుల్‌లోని తుజ్లా ప్రాంతంలో సబాంజీ విశ్వవిద్యాలయం తొలి విద్యార్థులను చేర్చుకుంది. బడి చదువు దక్కని మనిషి ఇంటిపేరు విశ్వవిద్యాలయం ముఖద్వారం మీద చేరింది.

హాజీ ఒమర్ అదనాను మరవలేదు, ఆయన సంతతీ మరవలేదు. సెయ్హాన్ నది ఒడ్డున ఆరు మినార్లతో నిలిచిన సబాంజీ మర్కజీ మసీదు 1998లో ప్రారంభమైంది. తుర్కియే దియానెత్ ఫౌండేషన్‌తో కలిసి దాన్ని పూర్తి చేశారు. ఆయన కూలీగా కాలుపెట్టిన ఊరది.

ఇస్తాంబుల్‌లో బోస్ఫరస్ జలసంధి ఒడ్డున ఒమర్ 1950ల మొదట్లో కొన్న భవనం ఒకటుంది. తర్వాత కొడుకు సాకిప్ అందులో నివసించారు. ఆయన ఏళ్ల తరబడి సేకరించిన ఖుర్ఆన్ రాతప్రతులు, నగీషీ రాతలు, చిత్రాలతో సహా ఆ ఇంటిని విశ్వవిద్యాలయానికి అప్పగించారు. 2002లో అది మ్యూజియంగా తెరుచుకుంది. కోట్లు పలికే ఇల్లు వారసుల మధ్య వివాదంగా మారకుండా ప్రజల సొత్తయింది.

సాకిప్ సొంత జీవితంలోనూ ఒక కష్టం సేవగా మారింది. ఆయన పిల్లల్లో ఇద్దరు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీతో బాధపడ్డారు. తన పిల్లలకు డబ్బుతో వైద్యం చేయించగలిగిన ఆయన, డబ్బులేని తల్లిదండ్రుల గురించి కూడా ఆలోచించారు. అలాంటి పిల్లల కోసం కొడుకు మెతిన్ పేరుతో ఇస్తాంబుల్‌లో ఒక కేంద్రం ఏర్పడింది.

మనం తీసుకోవలసిన పాఠాలు

మొదటిది: పంటను పంచండి, చేనును నిలపండి. ఖైబర్‌లో తన వాటాకు వచ్చిన మంచి భూమిని ఏం చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స) వారిని అడిగినప్పుడు, మూలాన్ని ఆపి ఫలాన్ని దానం చేయమన్న సలహా లభించిందని మనకు తెలుసు. వక్ఫ్ పద్ధతికి అదే ఆధారం. ఒక విద్యార్థికి ఈ ఏడాది ఫీజు కట్టడం మంచి పని. ఆ ఫీజు ప్రతి ఏడాదీ పుట్టేలా ఒక దుకాణం గదినో, కొంత భూమినో వక్ఫ్ చేయడం సదఖా జారియా. రెండూ కావాలి. మనం ఎక్కువగా మొదటిదానితోనే ఆగిపోతున్నాం.

రెండవది: మంచి సంకల్పాన్ని కాగితం మీద పెట్టండి. వీలునామాతో ఇవ్వగలిగేది షరీఅత్ ప్రకారం ఆస్తిలో మూడో వంతుకు మించదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు స్వయంగా ఇచ్చే దానానికి ఆ హద్దు లేదు. అందుకే ఇవ్వదలచినవారు తమ చేతులతోనే, తమ కళ్ల ముందే ఇవ్వడం మేలు. వారసుల హక్కుకు నష్టం కలగకుండా ఉలమాను, న్యాయవాదిని ముందుగా సంప్రదించాలి.

మూడవది: ఇంటిల్లిపాదినీ కలుపుకోండి. తండ్రి ఒక్కడే రహస్యంగా చేసిన దానం ఆయనతోనే ఆగిపోవచ్చు. సబాంజీ ఇంట్లో తల్లి ఇచ్చింది, కొడుకులు నడిపారు, తర్వాత మనుమరాలు గులేర్ సబాంజీ ఫౌండేషన్ అధ్యక్షత వహించారు. మూడు తరాలు ఒకే పనిలో ఉన్నాయి. మన ఇళ్లలో జకాత్ లెక్క వేసేటప్పుడు కోడళ్లను, కూతుళ్లను, కాలేజీ చదివే మనుమలను పక్కన కూర్చోబెట్టుకుంటున్నామా?

నాలుగవది: వ్యాపారంలో చూపే జాగ్రత్త దానంలోనూ చూపండి. పత్తి వ్యాపారి తూకం చూసుకుంటాడు, తేమ చూసుకుంటాడు, చీటీ తీసుకుంటాడు. దానం చేశాక ఏమైందని అడగడం అపనమ్మకం అనుకోవద్దు. లెక్క అడిగే దాత, లెక్క చూపే సంస్థ ఉంటేనే అమానత్ నిలుస్తుంది. ఆ ప్రశ్న మా సొసైటీని కూడా అడగండి.

ఇంట్లో చర్చించుకోవడానికి

1. మన సంపాదనలో మొదటి రూపాయి ఏ నేల నుంచి, ఎవరి కష్టం నుంచి వచ్చింది? ఆ ఊరికి మనం తిరిగి ఏమిచ్చాం?
2. మన తర్వాత కూడా ఆదాయం ఇచ్చే ఏ చిన్న ఆస్తిని వక్ఫ్‌గా మార్చగలం?
3. మన ఇంట్లో ఎవరి కష్టం మరో పదిమంది కష్టాన్ని గుర్తుచేస్తోంది?
4. ఈ ఏడాది మనం ఇచ్చిన దానం ఎవరికి చేరిందో, వారి చదువు ఎంతవరకు వచ్చిందో మనకు తెలుసా?

వందల కోట్లు ఉన్నవారికే ఇది వర్తిస్తుందని ఎవరూ అనుకోకూడదు. పద్ధతి ఒక్కటే, పరిమాణం వేరు. పదిమంది దాతలు కలిసి కొన్న ఒక్క గది అద్దె ఒక అమ్మాయి నర్సింగు చదువును పూర్తి చేయించగలదు. ఆ అమ్మాయి బయటికి వెళ్లాక అదే గది అద్దెతో ఇంకో అమ్మాయి చేరుతుంది. ఇచ్చినవారు లేకపోయినా అద్దె ప్రతి నెలా వస్తూనే ఉంటుంది.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, ఇవ్వడంలో చిత్తశుద్ధిని, ఇచ్చినదాన్ని కాపాడుకునే వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.