‘ఇక తాగను’ అని మాట ఇచ్చిన తరువాత

ధ్యానమునకు: ఎఫెసీ 5:18, 1 తిమోతి 5:23, రోమా 14:21



డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఎందరో కన్నీళ్లతో ‘ఇక తాగను’ అని దేవునికి మాట ఇస్తారు. సుగ్గికి పోయి సంపాదించిన కూలి డబ్బు ఈసారైనా ఇంటికి చేరుతుందని భార్యాబిడ్డలు ఆశపడతారు. అయితే మాట ఇచ్చిన తరువాతి నాలుగు రోజులు ఎంత ప్రమాదమో మీకు తెలుసా?

బైబిలు ఏమంటుంది?

కానా పెండ్లిలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసంగా మార్చలేదా, పౌలు తిమోతిని పుచ్చుకోమనలేదా అని కొందరు అడుగుతారు. నిజమే. కాని పౌలు చెప్పింది కొంచెమే, అదీ కడుపు జబ్బుకు. మత్తు వద్దని ఎఫెసీయులకు రాసింది కూడా ఆయనే. సహోదరునికి అడ్డమయ్యేది మానడం మేలని రోమీయులకు బోధించాడు. నేటి విస్కీ, బ్రాందీలలో ఆల్కహాలు సుమారు 43 శాతం. ఏ మోతాదూ క్షేమకరం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

కాబట్టి మానడమే మంచిది. ఎలా మానాలన్నదే ప్రశ్న.

ఇది దయ్యం కాదు, జబ్బు

ఎక్కువ కాలం రోజూ తాగినవారి మెదడు మత్తుకు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే అది అదుపు తప్పుతుంది. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, గోడల మీద పాములు, పురుగులు కనిపిస్తాయి. ఇంటివారు దయ్యం పట్టిందని కట్టివేస్తారు. లేదా భయపడి మళ్లీ తాగిస్తారు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు మానినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. ఇది విశ్వాసలోపం కాదు.

మీరు చేయవలసినవి

1. రోజూ తాగేవారు మానక ముందే డాక్టరును కలవాలి. తగిన మందులతో సుమారు వారం రోజుల్లో ఈ గండం గడుస్తుంది.
2. ఊళ్లో గ్లూకోజు ఎక్కించి ఊరుకోకండి. వీరికి బి1 విటమిను ఇంజెక్షను అవసరం.
3. తాగుడు మాన్పించే మాత్రలను తెలియకుండా అన్నంలో కలపకండి. ఆ మాత్ర మీద తాగితే ప్రాణాపాయం.
4. సంఘ కాపరులారా, ప్రభు బల్లలో పులియని ద్రాక్షరసమే వాడండి. మానినవానికి ఒక్క గుటక కూడా శోధనే.
5. మళ్లీ తాగితే వెలివేయకండి, మళ్లీ తీసుకురండి. ప్రభుత్వ ఉచిత ఫోను టెలి మానస్ 14416లో కూడా సలహా అడగవచ్చు.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరగబడ్డారు. 1995లో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. చట్టాలు వస్తాయి, పోతాయి. పొరుగువాడు మాత్రం మన ఎదుటే ఉంటాడు.

మంచి సమరయుడు దారిలో పడి ఉన్నవానికి నీతులు చెప్పలేదు. గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఖర్చు భరించి, మళ్లీ వస్తానన్నాడు. ఈ సంవత్సరం మీ వీధిలో మాట ఇచ్చినవారెవరు? మూడవ రోజున వారి ఇంటికి వెళ్లి చూడండి.