మాటకూ పెదవికీ పొంతన కుదిర్చే పని

1959లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు టౌన్‌షిప్ సెక్టార్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్ల బీరువాల్లో పిల్లల పెళ్లి డీవీడీలు ఉంటాయి. ప్లేయర్లు మూలపడ్డాయి కాబట్టి వాటిని ఫోన్లో చూసేలా మార్చి ఇమ్మని స్టూడియోలను అడుగుతుంటారు. మార్చాక బొమ్మ బాగానే వస్తుంది, మాట మాత్రం పెదవులతో కలవదు. ఎడిటింగ్‌లో ఉద్యోగం వెతుక్కునేవారు గట్టిగా నేర్చుకోవాల్సింది ఈ లోపాన్ని సరిచేయడమే. ఫార్మాట్ మార్చే బటన్ ఎవరైనా నొక్కుతారు, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలిగేవారు తక్కువ.

ముందుగా వీడియో మొదట్లో, మధ్యలో, చివర్లో డోలు దరువు చూడండి. పుల్ల తగిలిన క్షణం, చప్పుడు వినిపించిన క్షణం కలుస్తున్నాయా? మూడు చోట్లా తేడా ఒకేలా ఉంటే చిక్కు చిన్నది. ఎంకేవీటూల్‌నిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆడియో ట్రాక్‌ను ఆ తేడా ఎన్ని మిల్లీసెకన్లో అంత జరిపితే చాలు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను దూరం పెరుగుతుంటే లోపం వేగంలో ఉన్నట్టు. డీవీడీ శబ్దానికి సెకనుకు 48,000 శాంపిళ్లు. సాఫ్ట్‌వేర్ దాన్ని ఆడియో సీడీ లెక్కన 44,100గా పొరబడితే గంట శబ్దం 65 నిమిషాలకు సాగుతుంది, గొంతు కూడా మందగిస్తుంది. అక్కడ ట్రాక్‌ను జరిపి ప్రయోజనం లేదు, శాంపిల్ రేటు సరిచేయాలి.

ఒక చోట దాకా బాగుండి హఠాత్తుగా తప్పిందంటే అతుకుల్లో చూడండి. డీవీడీలో వీడియో ఒక్కొక్కటి 1 జీబీ దాటని వీఓబీ ఫైళ్లుగా ఉంటుంది. వాటిని విడివిడిగా మార్చి తర్వాత కలిపితే ప్రతి అతుకు దగ్గరా శబ్దం కాస్త జారిపోవచ్చు. డిస్కు మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీసుకుని, అందులోని టైటిల్‌ను ఒకేసారి మార్చడం మేలు. గీతలు పడ్డ డిస్కయితే డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో ఓపిగ్గా చదివించాలి. చదవలేకపోయిన చోట శబ్దం ముక్కలు పోతే, ఆ తర్వాతి భాగమంతా ముందుకు జరిగిపోతుంది.

శబ్దం ముందుకు జరగడం వెనకబడటం కన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అంతర్జాతీయ ప్రసార ప్రమాణాల ప్రకారం శబ్దం సుమారు 45 మిల్లీసెకన్లు ముందుంటేనే చూసేవారు పసిగడతారు, వెనకబడితే 125 దాకా గమనించరు. లోకంలో వెలుగు ముందు, చప్పుడు తర్వాత చేరడం మనకు అలవాటే కదా. అనుమానం వచ్చినప్పుడు శబ్దాన్ని కాస్త వెనక్కే ఉంచండి.

కొన్ని ఫోన్లలో అసలు శబ్దమే రాకపోవచ్చు. డీవీడీల్లో ఎక్కువగా ఉండే డాల్బీ ఏసీ-3 ఆడియో ఫార్మాట్‌ను ఆ ఫోన్లు చదవలేవు. దాన్ని ఏఏసీ ఫార్మాట్‌లోకి మారిస్తే సరిపోతుంది.

రక్షణ ఉన్న సినిమా డిస్కులను ఛేదించి కాపీ చేసే ఆర్డర్లు మాత్రం తీసుకోకండి. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఏ సెక్షన్ కింద అలాంటి ఛేదన నేరం కావచ్చు. సొంత పెళ్లిళ్లు, బడి వేడుకలు, జానపద ప్రదర్శనలు చేతినిండా పని ఇస్తాయి. ఛత్తీస్‌గఢ్ జానపద గాన కళ పండ్వానీకి పేరు తెచ్చిన తీజన్ బాయి పనిచేసింది భిలాయి కర్మాగారంలోనే. అలాంటి కళకు ప్రాణం గొంతులో ఉంటుంది, దాని రికార్డింగులో శబ్దం చెడితే మిగిలేదేమీ లేదు.

భిలాయిలో పెరిగిన తెలుగు పిల్లలకు తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ చెవికి తెలుసు. ఒక డీవీడీ టైటిల్‌లో 8 ఆడియో ట్రాకుల దాకా ఉండొచ్చు. ఏది ఏ భాషో విని సరైన పేరు పెట్టడం మరొకరికి అంత తేలిక కాదు. డబ్బింగ్ సంస్థలకూ, ఓటీటీ నాణ్యత పరీక్షకూ దరఖాస్తు చేసేటప్పుడు ఈ మూడు భాషల సంగతి మొదటి వరుసలోనే రాయండి. శబ్దాన్ని లోతుగా చదవాలనుకుంటే డిగ్రీ తర్వాత పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సినిమా శిక్షణ సంస్థల కోర్సులు చూడొచ్చు.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు యజమానుల అనుమతితో మూడు క్లిప్పులు తీసుకెళ్లండి: జరిపి సరిచేసింది ఒకటి, వేగం దిద్దింది ఒకటి, అతుకు కలిపింది ఒకటి. ప్రతిదానికీ దిద్దకముందు ఎలా ఉందో చూపి, లోపం ఎలా కనిపెట్టారో, ఎన్ని మిల్లీసెకన్లు మార్చారో నాలుగు వాక్యాల్లో రాసి జతచేయండి.