ఇవాళ ఒక్క సెట్టింగే

మిస్సిసాగాలో జనవరి రాత్రి తొమ్మిదంటే విజయవాడలో మర్నాటి ఉదయం ఏడున్నర. అమ్మ కాఫీ తాగి వీడియో కాల్ చేసే వేళ. "నాన్నకి బీపీ మాత్ర మార్చార్రా, కొత్తది..." అంటూండగానే తెర మీద అమ్మ ముఖం బిగుసుకుపోయింది. రూటర్ ఆపి మళ్లీ వేశాను. అది తేరుకునేలోపు అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టేసింది: "పిల్లలు పడుకునే టైమేమో, రేపు మాట్లాడుకుందాంలే నాన్నా."

నెలంతా ఇదే తంతు. పెద్ద ప్లాన్ తీసుకుంటే బాగుపడుతుందనుకుని తీసుకున్నాం. బాగుపడలేదు. ఒకరోజు ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూస్తే స్పీడు నిక్షేపంలా వచ్చింది. అంటే బయటినుంచి వచ్చే లైన్‌లో లోటు లేదు, చిక్కంతా మా ఇంటి గాలిలో ఉంది. ఈ పరీక్షకి రెండు నిమిషాలు చాలు. మీరూ ముందు ఇదే చేయండి. ఎందుకంటే బయటి లోపానికి ఇంట్లో మందు లేదు. 2022 జూలై 8న ఇక్కడ కెనడాలో ఒక పెద్ద నెట్‌వర్క్ మొత్తంగా పడిపోతే కోటిమందికి పైగా ఇబ్బంది పడ్డారు, దుకాణాల్లో డెబిట్ కార్డులు పనిచేయలేదు. అలాంటి రోజున రూటర్‌ని ఎన్నిసార్లు రీసెట్ చేసినా పోయేది మీ పాత సెట్టింగులే.

లోపం ఇంట్లోదే అని తేలిందా? అయితే అది మీ చేతిలో పని. ఇక్కడ మన తెలుగువాళ్లలో ఎంతోమంది ఆఫీసులో సర్వర్లు నిలబెడతారు, బ్యాంకుల డేటాబేస్‌లు నడుపుతారు. ఇంట్లో రూటర్ పేజీలో 'అడ్వాన్స్‌డ్' అన్న మాట కనబడగానే మాత్రం కిటికీ మూసేస్తారు. అది చెడిపోతే ఇంటిల్లిపాదీ మననే అంటారన్న భయం. ఆ భయానికి విరుగుడు ధైర్యం కాదు, ఒక కాగితం. పాత విలువ రాసుకున్నవాడికి వెనక్కి వచ్చే దారి ఎప్పుడూ ఉంటుంది. రూటర్ కింద అంటించిన స్టిక్కర్ మీద అడ్రసు, పాస్‌వర్డ్ ఉంటాయి. తెరవండి.

ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసి చూస్తే మా హాల్లోకి ముప్ఫైకి పైగా నెట్‌వర్కులు వినబడుతున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇక్కడ 11 ఛానెళ్లున్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా నడిచేవి మూడే: 1, 6, 11. మా రూటర్ 3లో కూర్చుంది. అటు ఒకటో ఛానెల్ వాళ్లకీ ఇటు ఆరో ఛానెల్ వాళ్లకీ అడ్డం, తనకీ సుఖం లేదు. 'ఆటో'లో పెట్టాం కదా అంటారేమో. చాలా రూటర్లు ఆన్ అయిన వేళ ఏది ఖాళీగా ఉంటే దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. మధ్యాహ్నం ఊరంతా ఆఫీసుల్లో ఉన్నప్పుడు చేసిన ఎంపిక రాత్రి తొమ్మిదికి ఎలా పనికొస్తుంది?

పవర్ పెంచితే సరిపోతుందనిపిస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర అందరూ గొంతు పెంచితే ఏమవుతుందో అదే అవుతుంది. పైగా రూటర్ ఎంత గట్టిగా అరిచినా, బదులివ్వాల్సింది మీ ఫోను. దాని గొంతు చిన్నదే. అపార్ట్‌మెంట్‌లో 2.4కి ఛానెల్ వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి. స్పీడ్ టెస్ట్ అంకె తగ్గొచ్చు, మాట నిలుస్తుంది. సొంతిల్లయితే సెట్టింగులకంటే ముందు చోటు చూడండి. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన, రేకు డక్టుల మధ్య పెట్టిన రూటర్‌కి ఏ ఛానెల్ ఇచ్చినా పై అంతస్తు పడగ్గదికి చేరదు.

5 గిగాహెర్ట్జ్ దగ్గర నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. కెనడా రూటర్‌లో 120, 124, 128 ఛానెళ్లు కనబడవు. పాడైపోయి కాదు. 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న జాగాని వాతావరణ రాడార్ల కోసం వదిలేయాలని ఇక్కడి నియమం. మంచు తుపాను ఎటు వస్తోందో చెప్పే రాడార్‌కి మన సినిమా అడ్డురాకూడదు. 52 నుంచి పైకి ఇంకొన్ని ఛానెళ్లలో డీఎఫ్‌ఎస్ పద్ధతి ఉంది: రూటర్ ముందుగా ఒక నిమిషం చెవి ఒగ్గి వింటుంది, రాడార్ చప్పుడు లేకపోతేనే మాట్లాడుతుంది. మధ్యలో వినబడితే పది సెకన్లలో ఖాళీ చేసి, అరగంట దాకా ఆ ఛానెల్ వైపు రాదు. మీ వీడియో ఉన్నట్టుండి ఆగిందంటే కారణం ఇదీ కావచ్చు. అలా తరచూ జరిగితే 36 నుంచి 48 లోపు ఛానెల్ పెట్టుకోండి. ఇండియా నుంచి తెచ్చుకున్న రూటర్ అయితే రీజియన్ దగ్గర కెనడా అని ఉందో లేదో చూడండి. దొంగతనంగా వేరే దేశం పెట్టి ఛానెళ్లు సంపాదించొద్దు.

అదే పేజీలో ఉన్నారు కాబట్టి డబ్ల్యూపీఎస్ ఆపేయండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3కి మార్చండి. పాత టీవీ మొరాయిస్తే డబ్ల్యూపీఏ2, 3 కలిసున్నది ఎంచుకోండి.

అయితే ఇవన్నీ ఒకే రాత్రి మార్చొద్దు. ఐదు మార్చాక బాగుపడితే ఏది పనిచేసిందో తెలియదు, చెడితే ఏది చెడగొట్టిందో తెలియదు. రోజుకి ఒక్కటి. అదే గంటకి, అదే కుర్చీలో కూర్చుని చూడాలి. మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం పెట్టాం. సోమవారం: వెడల్పు 40 తీసి 20, కాల్ రెండుసార్లు తెగింది. మంగళవారం: ఛానెల్ 3 తీసి 11, ఒక్కసారి తడబడింది. బుధవారం రూటర్‌ని టీవీ వెనకనుంచి తీసి పుస్తకాల అర మీద పెట్టాం. ఆ రాత్రి అమ్మ మాత్రల పట్టీని కెమెరాకి దగ్గరగా పట్టుకుంది. వెనక వెండి రేకు మీద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, నేను చదివి పైకి చెప్పాను. "ఆఁ, అదే" అంది అమ్మ.